సున్నం కొట్టిన అద్దాల గది

అద్దానికి సున్నం శత్రువు. ఈ ముక్క నేను పాతికేళ్ళుగా తాపీమేస్త్రీలకి అరిచి మరీ చెబుతున్నాను. సున్నం నీళ్ళు అద్దం మీద పడి ఆరాయంటే పడేది మరక కాదు, గాయం. ఎంత తుడిచినా, ఏ మందు వేసి రుద్దినా పోదు. కిటికీలకి కాయితాలు అంటించకుండా పక్క గోడకి సున్నం కొడుతున్న మనిషిని చూస్తే నాకు ఒళ్ళు మండిపోతుంది. ఒక మేస్త్రీతో ఆ విషయంలోనే రెండేళ్ళు మాట్లాడలేదు. అలాంటి నేను, మొన్నటి ఎండాకాలంలో ఒకరోజు పొద్దున్నే బకెట్లో సున్నం కలుపుకుని, నేను కోసి నేను బిగించిన ఇరవై రెండు అద్దాలకి నా చేత్తో నేనే పూశాను. అదీ మా ఆవిడ వెనక నిలబడి, "అక్కడ సందు వదిలేశారండీ" అని వంకలు పెడుతుంటే.

ఇదంతా ఎందుకు జరిగిందో చెప్పాలంటే ముందు మా మామగారి చెట్టు సంగతి చెప్పాలి.

మా మామగారు నందిగామలో ఒక మిషన్ బడిలో తోటమాలిగా చేసి రిటైరయ్యారు. మనిషి బక్కపల్చగా ఉంటారు, మాట తక్కువ. మా పెళ్ళిలో బంధువులంతా గిన్నెలూ గోడ గడియారాలూ చదివిస్తుంటే, ఆయన మాత్రం ఒక సిమెంటు కుండీని తన రెండు చేతులతో ఎత్తుకొచ్చి నా ముందు పెట్టారు. అందులో మోకాలెత్తు మొక్క ఒకటి, నాలుగు మట్టలతో నిలబడి ఉంది. "దీన్ని ఎండలో పెట్టమాకండి. తొందరపెట్టమాకండి" అన్నారు. కూతుర్ని అప్పజెబుతూ కూడా ఆయన నాతో అంతకంటే ఎక్కువ మాట్లాడలేదు.

దాని పేరు కెంటియా అని నర్సరీ వాళ్ళంటారు. మామగారు పామ్ చెట్టు అంటారు. మా వీధిలో వాళ్ళు ఎదగని కొబ్బరిచెట్టు అంటారు. ఏ కాలంలో చూసినా పచ్చగానే ఉంటుంది గానీ, పెరగడం మాత్రం దానికి ఇష్టమున్నప్పుడే. ఏడాదికి రెండు మట్టలు, మరీ మనసైతే మూడు. మా అబ్బాయి పుట్టినప్పుడు వాడికంటే అది ఎత్తు. వాడికి పదేళ్ళు వచ్చేసరికి వాడు దాన్ని దాటేసి, దాని పక్కన నిలబడి వెక్కిరించేవాడు. ఇప్పుడు వాడు విజయవాడలో హాస్టల్లో ఉన్నాడు. పెళ్ళయిన పంతొమ్మిదేళ్ళకి ఆ చెట్టు నా గడ్డం దాకా వచ్చింది. కాండం అడుగున, మట్టికి నాలుగు వేళ్ళ పైన, ఒకచోట ఎవరో తాడు వేసి బిగించినట్టు సన్నటి నడుం ఉంటుంది. అది దాని తీరేమో అనుకున్నాను తప్ప ఎప్పుడూ అడగలేదు.

ఆ చెట్టు పుట్టిన కథ మా ఇంట్లో అందరికీ కంఠతా వచ్చు. మిషన్ బడి చూడ్డానికి వచ్చిన ఒక విదేశీ సిస్టరమ్మ మా మామగారి పనితనం మెచ్చి పన్నెండు గింజలిచ్చి వెళ్ళిందట. ఆయన వాటిని కుండీలో నాటి రోజూ నీళ్ళు పోశారు. నెల గడిచింది, ఏడాది గడిచింది, ఒక్కటీ మొలవలేదు. ఇక లాభం లేదని మా అత్తగారు ఆ కుండీలో పుదీనా గుచ్చేసింది. ఇంకో ఆర్నెల్లకి ఒకనాడు పచ్చడికి పుదీనా తుంపుతుంటే ఆకుల మధ్య పచ్చటి సూదిలాంటిది ఒకటి వేలికి తగిలిందట. గడ్డేమో అని పీకబోయి, ఎందుకో ఆగి, వాకిట్లోంచి మా మామగారిని కేకేసింది. పన్నెండు గింజల్లో మొలిచింది అదొక్కటే. "నేను నాటా. ఆవిడ కన్నది" అని మామగారు ఈ కథని ముగిస్తారు. మా అత్తగారిని నేను ఫోటోలోనే చూశాను. మా పెళ్ళికి మూడేళ్ళ ముందు, మా ఆవిడ ఇంటర్ చదివే రోజుల్లో, ఆవిడ పోయారు. అందుకే ఆ చెట్టుని మా ఆవిడ నీళ్ళు పోసేటప్పుడు ఒకలా, మామూలప్పుడు ఒకలా చూడదు. ఎప్పుడు చూసినా ఒకేలా చూస్తుంది, అమ్మ వస్తువుని చూసినట్టు.

నందిగామలో అద్దె ఇంట్లో ఉన్నన్నాళ్ళూ వసారాలో, వేపచెట్టు నీడన దానికి ఏ లోటూ లేదు. మూడేళ్ళ కింద జగ్గయ్యపేటలో సొంతిల్లు కట్టుకున్నాం. కింద నా అద్దాల దుకాణం, పైన కాపురం. చెట్టుని అద్దాలు మోసే ట్రాలీ ఆటోలో, అద్దాల స్టాండుకి తాళ్ళతో కట్టి, పక్కన మా ఆవిడని కూర్చోబెట్టి తీసుకొచ్చాను. దారిలో గతుకు వచ్చినప్పుడల్లా ఆవిడ నన్ను పట్టుకోలేదు, దాన్ని పట్టుకుంది.

కొత్తింటికి నీడ లేదు. నీడ లేకపోతే పోయె, కోతులున్నాయి. వచ్చిన వారంలోనే మేడ మీద మా కరివేపాకు మొక్కని వేళ్ళతో సహా పీకి, పిట్టగోడ మీద వరసగా కూర్చుని పంచుకు తిన్నాయి. తాటి జాతి చెట్టుకి ప్రాణమంతా మొవ్వులో ఉంటుంది. నడినెత్తిన ఈటెలా లేచే ఆ లేత మొవ్వుని కోతి ఒక్కసారి లాగిందంటే చెట్టు అయిపోయినట్టే. మా ఆవిడ కర్ర పట్టుకుని రెండు రోజులు కాపలా కాసింది. మూడో రోజు నాకు బ్రహ్మాండమైన ఆలోచన వచ్చింది. నాకు బ్రహ్మాండమైన ఆలోచన వచ్చినప్పుడల్లా మా ఆవిడ దేవుణ్ణి తలుచుకుంటుంది.

చెట్టుకి అద్దాల గది కట్టాలి!

దుకాణంలో పాత సరుకు బోలెడు పడి ఉంది. వాటాలు పంచుకున్న అన్నదమ్ముల ఇంటి కిటికీలు, మూసేసిన సెల్‌ఫోన్ షాపు ముందుభాగం, ఎక్స్‌రే అనే అక్షరాలు సగం గీకిన ఒక పలక, ఏదో బట్టలకొట్టు తలుపు. నెల రోజులు ఖాళీ దొరికినప్పుడల్లా మేడ మీదే ఉన్నాను. అల్యూమినియం ఫ్రేములు నిలబెట్టి, నాలుగు గోడలూ వాలు కప్పూ అన్నీ అద్దాలతోనే బిగించాను. బట్టలకొట్టు తలుపు మీద "తోయుము" అని రాసి ఉంటుంది. నేను దాన్ని తిరగేసి బిగించడం వల్ల అది లాగితేనే వస్తుంది. చూసినవాళ్ళంతా అక్వేరియం అన్నారు. "చేపల్నెప్పుడు వదుల్తారండీ?" అని ఎదురింటాయన రోజూ అడిగేవాడు. పెద్ద కోతి ఒకటి వచ్చి, అద్దంలో తన మొహం తనే చూసుకుని పళ్ళికిలించి, రెండో కోతి కూడా తిరిగి పళ్ళికిలించేసరికి దడుచుకుని దూకి పారిపోయింది. ఆ రోజు నేను ఇంట గెలిచి రచ్చ గెలిచినంత సంతోషపడ్డాను.

మొదటి రెండేళ్ళూ చెట్టు హాయిగా ఉంది. మా ఊళ్ళో గాలితో పాటు దుమ్ము ఉచితం. సున్నపురాయి లారీలు తిరిగే దారి కాబట్టి, ఎంత తుడిచినా వారం తిరిగేసరికి అద్దాల మీద బూడిదరంగు పొర పట్టేది. నేను చిరాకుపడుతూ తుడిచేవాణ్ణి. పని ఎక్కువైతే నెలల తరబడి వదిలేసేవాణ్ణి. ఆ వదిలేసిన నెలల్లోనే చెట్టు బాగుందన్న సంగతి నా బుర్రకి తట్టలేదు. తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళన్నట్టు, దాని పచ్చదనమంతా నా అద్దాల గొప్పే అనుకున్నాను.

మామగారు ఆదివారం చర్చి అయ్యాక నందిగామ నుంచి ఫోను చేస్తారు. ఒకే ఊళ్ళో ఉన్నప్పుడు ఇంటికొచ్చి అడిగినా, ఇప్పుడు ఫోనులో అడిగినా ఆయనకి ఒకటే వరస. ముందు "చెట్టెలా ఉంది?" తరవాత "నువ్వెలా ఉన్నావమ్మా?" ఆ తరవాత, గుర్తుంటే, "అల్లుడుగారు కులాసానా?" గుర్తు లేని ఆదివారాలు కూడా ఉండేవి. ఏదో సరదాకి చెబుతున్నట్టు చెబుతున్నాను గానీ, పంతొమ్మిదేళ్ళు మూడోవాడిగా ఉండటం ఏ అల్లుడికైనా కొంచెం కష్టమే.

మొన్న మే నెలలో మామగారి కుడికంటికి శుక్లాల ఆపరేషన్ పెట్టారు. ఎడం కంటికి అంతకు ముందే చూపు పోయింది, ఉన్నది ఆ ఒక్క కన్నే. "ఏడాది నించీ ఆ చెట్టు నాకు పచ్చటి మబ్బులా కనపడతందమ్మా. కట్టు విప్పాక ముందు దాన్ని చూడాల" అన్నారు ఫోనులో. రెండు రోజులు మేమిద్దరం నందిగామలో ఆయన దగ్గర ఉండాలనుకున్నాం.

సరిగ్గా అప్పుడే చందర్లపాడులో ఇల్లు కట్టుకుంటున్న ఒకాయన, తనకీ అలాంటి గది కావాలని, చూడ్డానికి వస్తానని కబురు పెట్టాడు. మేం ఊళ్ళో లేకపోయినా పక్క మేడ మీంచి చూసుకుంటానన్నాడు. ఇక ఆగుతానా? బయల్దేరే ముందురోజు పాత పేపర్లూ నీళ్ళూ పట్టుకుని లోపలా బయటా ప్రతి అద్దాన్నీ మెరిసేలా తుడిచాను. కప్పు కింద గాలి ఆడే సందులోంచి దుమ్ము వస్తోందని దాన్ని కూడా సిలికాన్‌తో మూసేశాను. అద్దం ఉందో లేదో తెలియనంత శుభ్రంగా వచ్చింది. పిట్ట ఒకటి వచ్చి గుద్దుకుంది కూడా. నేను కిందకి వచ్చి, "ఈసారి చూడు, తళతళ" అన్నాను మా ఆవిడతో. రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయని చిన్నప్పటి నుంచీ వింటున్న మనిషినే నేను. రోళ్ళు పగిలే ఎండలో అద్దాల పెట్టె మూతపెట్టి వెళితే ఏమవుతుందో ఆలోచించలేదు.

రెండు రోజుల తరవాత సాయంత్రం తిరిగొచ్చాం. ఆపరేషన్ బాగా జరిగిందన్న సంతోషంలో మా ఆవిడ చెప్పులు కూడా విప్పకుండా మేడ మీదకి వెళ్ళింది. కేక వినిపిస్తుందనుకున్నాను, రాలేదు. నేను వెళ్ళేసరికి తలుపు తెరిచి గుమ్మంలో నిలబడి ఉంది. లోపలి నుంచి పొయ్యి మీద మూత తీసినట్టు వేడి కొట్టింది. మట్టలన్నీ ఎండి, కొసలు అప్పడాల్లా చుట్టుకుపోయి ఉన్నాయి. గోడ వైపు ఉన్న రెండు మట్టల్లో మాత్రం ఈనె దగ్గర కాస్త పచ్చ మిగిలింది. చందర్లపాడు ఆయన అసలు రాలేదని తరవాత తెలిసింది.

మా ఆవిడ ఏడవలేదు, నన్ను తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది. దగ్గరికి వెళ్ళి, మధ్యలో ఉన్న మొవ్వుని రెండు వేళ్ళతో పట్టుకుని నెమ్మదిగా, చాలా నెమ్మదిగా లాగి చూసింది. కుళ్ళిన మొవ్వైతే ఊడి చేతికొచ్చేస్తుంది. రాలేదు. "ఊడలేదు" అంది. మొవ్వుని వదిలేసి, "అమ్మది ఇదొక్కటే ఉందండీ నా దగ్గర" అంది. అంతే, కిందకి వెళ్ళిపోయింది. నా జన్మలో అంత సిగ్గుపడ్డ రోజు ఇంకొకటి లేదు.

తెల్లారి ఆవిడే బజారుకెళ్ళి సున్నం తెచ్చింది. మిషన్ బడిలో నారు పెంచే గాజుపెట్టె ఒకటి ఉండేదట. ఎండలు ముదరగానే వాళ్ళ నాన్న దాని అద్దాలకి గంజి కలిపిన సున్నం పూసేవాడట, వెలుగు రావాలి గానీ ఎండ రాకూడదని. అప్పుడు గానీ నాకు దుమ్ము సంగతి వెలగలేదు. రెండేళ్ళుగా ఆ చెట్టుకి గొడుగు పట్టింది ఆ దుమ్మే. దాన్ని నేను పేపరు పెట్టి తుడిచి పారేశాను.

"గుడ్డ కడదాం. గోనెపట్టాలు కప్పుదాం. సున్నం మాత్రం వద్దు" అన్నాను.

"కోతులు గుడ్డ ఉంచుతయ్యా?"

"అద్దాన్ని తినేస్తుందే సున్నం! మళ్ళీ తేటగా రాదు. జన్మలో రాదు."

"చెట్టు మాత్రం వస్తదా?"

 చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు ఉంది నా పని. ఆకులు కూడా కాలిపోయాయి. బ్రష్షు ఆవిడ చేతిలోంచి నేనే తీసుకున్నాను. మొదటి అద్దం మీద మొదటి గీత కళ్ళు మూసుకుని గీశాను. పదో అద్దం దగ్గర అలవాటయింది. కింద నుంచి ఎదురింటాయన చూసి, "ఏంటండీ, చేపలకి సిగ్గా?" అని అరిచాడు. మూసేసిన సందుని కత్తి పెట్టి తెరిచాను. కాలిన మట్టలు కోసేశాం. లోపల పాలలాంటి మెత్తటి వెలుగు నిండింది. నా పాతికేళ్ళ పనిలో నేను ఎప్పుడూ ఎవరికీ అమ్మని వెలుగు అది.

ఇక చెట్టు బతికుందో లేదో తెలిసేదెలా? అది మామూలు రోజుల్లోనే పెరిగినట్టు కనపడదు. ఇక్కడ మాత్రం నా వృత్తి పనికొచ్చింది. రెండు అద్దపు పలకలు పక్కపక్కన బిగించాక, అవి జారుతున్నాయేమో చూడ్డానికి రెండింటి మీదుగా ఒకే గీత గీసి వదిలేస్తాం. రేపటికి గీత రెండుగా విరిగితే పలక కదిలినట్టు. అలాగే మొవ్వు మీదుగా, దాని పక్క మట్ట కాడ మీదుగా, అద్దాల మీద రాసే తెల్ల పెన్సిలుతో ఒకే అడ్డగీత గీశాను. మొవ్వు లేస్తే గీత విరగాలి. "మీరే చూడండి రోజూ. నేను చూళ్ళేను" అంది మా ఆవిడ.

రోజూ పొద్దున్నే వెళ్ళి చూసేవాణ్ణి. గీత గీతలాగే ఉండేది. కిందకి రాగానే ఆవిడ వంటింట్లోంచి తలెత్తి చూసేది. నేను తల అడ్డంగా ఊపేవాణ్ణి. పోపు వేసే చప్పుడు మళ్ళీ మొదలయ్యేది.

దీనికి తోడు ఆదివారం ఫోను. నలభై రోజుల దాకా మామగారు బరువెత్తకూడదు, వంగకూడదు, కంట్లో నీళ్ళు పెట్టుకోకూడదు అని డాక్టరు గట్టిగా చెప్పాడు. ఉన్న ఒక్క కన్ను. నిజం ఎలా చెబుతాం? ఆ ఆదివారాలన్నీ ఫోను నేనే ఎత్తాను.

"చెట్టెలా ఉంది?"

"బ్రహ్మాండంగా ఉందండి."

"మొవ్వు లేచిందా?"

"లేచిందండి. బెత్తెడు లేచింది."

మరుసటి వారం అది బెత్తెడు నుంచి జానెడైంది. ఐదో వారానికి జానెడు మీద రెండు వేళ్ళు. చెట్టు పెరగకపోయినా నా అబద్ధం మాత్రం ఏపుగా పెరిగింది. "ఎప్పుడూ లేంది ఈ ఏడేంటయ్యా అంత జోరు!" అని ఆయన ఆశ్చర్యపోయారు. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు, "ఎరువు మార్చామండి" అన్నాను. మా ఆవిడ తలకొట్టుకుంది.

ఒకరోజు నాకు ఇంకో బ్రహ్మాండమైన ఆలోచన వచ్చింది. కీసర దగ్గర హైవే పక్కన నర్సరీలున్నాయి. అచ్చం దీని ఎత్తులోనే ఒకటి తెచ్చి కుండీలో పెట్టేస్తే? ఫోనులో ఫోటో పట్టుకుని రెండు నర్సరీలు తిరిగాను. వాళ్ళు చూపించినవన్నీ గుబురుగా, గబగబా పెరిగే రకాలు. ఒకటి కాస్త పోలిక ఉందనిపించి మా ఆవిడకి ఫోటో పంపాను. వెంటనే ఫోను మోగింది.

"మా నాన్న కళ్ళకి గంతలు కట్టినా నన్ను గుర్తుపడతాడో లేదో గానీ దాన్ని గుర్తుపడతాడు. ఇంటికి రండి ముందు!" అంది. అని, చాలా రోజుల తరవాత, నవ్వింది. ఆ నవ్వు కోసం ఇంకో రెండు నర్సరీలు తిరగమన్నా తిరిగేవాణ్ణి.

నలభై రోజులు అయ్యాక వస్తానన్న మామగారు ముప్పై ఎనిమిదో రోజునే దిగారు. శనివారం పొద్దున్న నందిగామ బస్సు దిగి, నల్లద్దాలు పెట్టుకుని, చేతిలో పుదీనా కట్టతో దుకాణం ముందు నిలబడ్డారు. నేను అప్పుడు ఒక కిటికీకి కొలత తీసుకుంటున్నాను. టేపు నా చేతిలోంచి జారి చర్రున చుట్టుకుపోయింది.

"ఉండబట్టలేక వచ్చేశా. జానెడు మీద రెండు వేళ్ళు అన్నారుగా, చూద్దామని" అన్నారు.

మంచినీళ్ళు తాగమన్నా ఆగలేదు. నేరుగా మేడ మెట్లెక్కారు. వెనక నేను, నా వెనక మా ఆవిడ. గది ముందు ఆగి, తలుపు మీద రాసింది చదివి, తోశారు. రాలేదు.

"లాగాలండీ."

"తోయుము అని రాసుందిగా?"

"రాసుందండి. అయినా లాగాలి."

"ఇన్నాళ్ళూ ఇది కనపడలా నాకు. అందుకే తిన్నగా లాగేవాణ్ణి" అన్నారు. ఆయన జోకు వేయడం నేను అదే మొదటిసారి వినడం. నేను తలుపు లాగి పట్టుకున్నాను.

లోపలికి వెళ్ళి ముందు అద్దాల వంక చూశారు. "ఎవరు కొట్టారు సున్నం?" అన్నారు. నేనే అన్నాను. "గంజి కలిపారా?" మీ అమ్మాయి కలిపిందన్నాను. తల ఊపి చెట్టు వైపు తిరిగారు. రెండు సగం మట్టలు, కోసిన మోళ్ళు, మధ్యలో ఒక మొవ్వు. ఆయన నల్లద్దాలు తీసేశారు. ఒక్కో మోడునీ చూసుకుంటూ వచ్చారు. మా ఆవిడ "నాన్నా..." అని ఆగిపోయింది.

"తప్పు నాదండీ" అన్నాను. "తుడిచింది నేను. సందు మూసింది నేను. ఫోన్లో అబద్ధాలు చెప్పింది కూడా నేనే. తనకేం తెలీదు."

ఆయన వంగబోయారు. "వంగకూడదు నాన్నా" అని మా ఆవిడ బకెట్టు బోర్లించింది. దాని మీద కూర్చుని మొవ్వు దగ్గరికి మొహం పెట్టారు. "ఈ తెల్ల గీతేంటి?" అని అడిగారు. పలకల లెక్క చెప్పాను, మొవ్వు లేస్తే గీత విరగాలని, ముప్పై ఐదు రోజులుగా విరగలేదని. ఆయన జేబులోంచి డాక్టరు కొత్తగా ఇచ్చిన దగ్గరచూపు కళ్ళజోడు తీసి పెట్టుకున్నారు. ఇంకాస్త దగ్గరికి జరిగారు.

"విరిగిందిగా" అన్నారు.

"లేదండీ. రోజూ చూస్తన్నా."

"ఈ మధ్య టేపు ఎంత దూరం పెట్టుకుని చదువుతున్నారు మీరు?"

చెయ్యి చాచినంత దూరం. దుకాణంలో అందరూ అంటున్నదే, నేను ఒప్పుకోనిదే. ఆయన కళ్ళజోడు తీసి నాకిచ్చారు. పెట్టుకుని చూశాను. మట్ట కాడ మీది గీత ఒకచోట ఉంది. మొవ్వు మీది గీత దానికి కొంచెం పైన ఉంది. అంగుళంలో ఎనిమిదో వంతుని మా పనిలో నూలు అంటాం. సరిగ్గా ఒక నూలు. నా మొహం మీంచి ఆ కళ్ళజోడు లాక్కుని మా ఆవిడ చూసింది. చూసి, అక్కడే నేల మీద కూర్చుని, ముప్పై ఐదు రోజులు ఆపుకున్న ఏడుపంతా ఏడ్చేసింది. నాకూ కళ్ళు తడిశాయి, చెప్పుకోవడానికి సిగ్గేం లేదు.

"జానెడుకి కొంచెం తక్కువొచ్చింది, అంతేగా" అన్నారు మామగారు.

తరవాత కాండం అడుగున, ఆ సన్నటి నడుం మీద చెయ్యి వేశారు. "ఇదెప్పుడన్నా చూశారా?" అని నన్నడిగారు.

"చూశానండీ. దాని తీరేమో అనుకున్నా."

"తీరు కాదు. అది నేను." ఆ నడుం చుట్టూ వేలితో తడిమారు. "మీ అత్తగారు పోయిన ఏడు. దీన్ని చూస్తే పుదీనా తుంపుకుంటా ఆవిడే కనపడేది. చూళ్ళేక బడి గోడ వెనక పడేశా. ఎండాకాలమంతా ఒక్క చెంబుడు నీళ్ళు పొయ్యలా. అది చావక, ఇట్టా సన్నబడి ఊరుకుంది. ఊరంతటి చెట్లకీ నీళ్ళు పోసేవాణ్ణి, దీనికి పొయ్యలా. ఇన్నేళ్ళలో ఎవరికీ చెప్పుకోలా." మా ఆవిడ వైపు తిరిగి, "నువ్వే కదమ్మా కాలేజీ నించొచ్చి పోసి బతికించింది?" అన్నారు.

మా ఆవిడ కళ్ళు తుడుచుకుంటూ తలెత్తింది. "నేను పొయ్యలేదు నాన్నా. నువ్వు పోస్తున్నావనుకున్నా."

తండ్రీ కూతుళ్ళు ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకున్నారు.

"మరెవరు పోశారే?"

"నాకేం తెలుసు!"

"వాన పోసుంటది" అన్నారు ఆయన నెమ్మదిగా. ఆ మాట అంటూనే నవ్వడం మొదలుపెట్టారు. నవ్వుతూ నవ్వుతూ ఆయన కుడికంట్లోంచి నీళ్ళు కారిపోతున్నాయి. మా ఆవిడ కంగారుగా, "ఇంకా రెండ్రోజులుంది నాన్నా, ఏడవకూడదు" అని కొంగుతో తుడవబోయింది. "ముట్టుకోమాకే, డాక్టరు ముట్టుకోవద్దన్నాడు" అని ఆయన ఇంకా నవ్వారు.

మధ్యాహ్నం పుదీనా పచ్చడితో అన్నం తిన్నాం. వెళ్ళే ముందు మామగారు మళ్ళీ మేడెక్కి, నా తెల్ల పెన్సిలు అడిగి తీసుకుని, పాత గీత తుడిచి, కొత్త గీత గీశారు. "వానలు గట్టిగా పడేదాకా సున్నం కడగమాకండి" అన్నారు. వానలే కడిగాయి. నేను భయపడ్డట్టే అద్దాలు మళ్ళీ తేటగా రాలేదు, మబ్బు పట్టినట్టు ఉండిపోయాయి. చూడ్డానికి వచ్చిన ఖాతాదారులు ఇదేం పనితనమని అడుగుతారు. చెట్టుకి నచ్చిందండీ అంటాను. కోతులు కూడా, లోపల ఏముందో కనపడకపోయేసరికి, అటు రావడం మానేశాయి.

మామగారిని బస్సెక్కించిన సాయంత్రమే నేను బజారుకెళ్ళి దగ్గరచూపు కళ్ళజోడు కొనుక్కున్నాను.

మామగారు వెళ్ళిన మర్నాడే ఆదివారం. చర్చి వేళ దాటగానే ఫోను మోగింది. ఈసారి మా ఆవిడ ఎత్తింది. రెండు క్షణాలు విని, నా వంక వింతగా చూసి, ఫోను నా చేతిలో పెట్టింది.

"ముందు మిమ్మల్ని అడుగుతున్నాడు" అంది.

"అల్లుడుగారూ, బాగున్నారా?" అన్నారు ఆయన. బాగున్నానండీ అన్నాను. చాలా వారాల తరవాత ఆయనకి ఫోనులో నేను చెప్పిన మొదటి నిజం అది. చెట్టెలా ఉందని రెండోది అడిగారు. "మీరు గీసిన గీత ఇంకా విరగలేదండీ" అన్నాను. "కళ్ళజోడు పెట్టుకునే చూశా."